వేలికి తగలని మడత

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్న విషయం ఇది. పరిశోధనలో మోసపోవడం గురించి మనం సాధారణంగా రాసుకోం. డబ్బు పోయిందంటే నలుగురూ జాలిపడతారు. కానీ సాహిత్యంలో పిహెచ్.డి. చేసి, ఏ పాఠాన్నయినా అనుమానంతో చదవాలని క్లాసులో చెబుతూ, ఒక కాగితాన్ని మాత్రం కళ్ళకద్దుకుని కొన్నానంటే నవ్వుతారు. నవ్వినా ఫరవాలేదు. నేను పోగొట్టుకున్నది డబ్బొక్కటే అయితే ఇది రాసేదాన్ని కాదు.

కొన్నది ఒక సినిమా పోస్టర్. 'చండీరాణి'ది. పి. భానుమతి 1953లో తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ దర్శకత్వం వహించి, తానే ద్విపాత్రాభినయం చేసిన సినిమా. తెలుగులో తొలి మహిళా దర్శకురాలని చెప్పుకునే ఆమె దర్శకత్వంలో వచ్చిన మొదటి చిత్రం.

స్త్రీలు దర్శకత్వం వహించిన తెలుగు సినిమాల ప్రచార సామగ్రి మీద కొంతకాలంగా పని చేస్తున్నాను. భానుమతి తర్వాత 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' తీశారు. యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ను 1973లో విజయనిర్మల తెరకెక్కించారు. ముగ్గురూ అప్పటికే పెద్ద తారలు. వాళ్ళ మొహాలను గోడగోడకూ అంటించి టిక్కెట్లు అమ్ముకున్న పరిశ్రమ, అదే మనిషి కెమెరా వెనక్కి వెళ్తే ఆ పేరును పోస్టర్ మీద ఎక్కడ రాసింది? ఎంత అక్షరాలతో రాసింది? ఇదీ నా ప్రశ్న. దీనికి జవాబు సినిమా చూస్తే దొరకదు. కాగితం కావాలి.

ఆ కాగితమే దొరకదు. పాటల పుస్తకాలు ఎవరో ఒకరి ట్రంకుపెట్టెలో ఉంటాయి. పోస్టర్ అలా కాదు. మైదా జిగురు రాసి గోడకు అంటిస్తారు, సినిమా మారగానే దాని మీద ఇంకోటి అంటిస్తారు, వాన పడితే రెండూ కలిసి ఊడిపోతాయి. గోడకెక్కకుండా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో కట్టలుగా పడి ఉన్నవే మిగిలాయి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ మొదలయింది 1964లో. అప్పటికే 'చండీరాణి' వచ్చి పదకొండేళ్ళు. ఆర్కైవులు దాచలేకపోయినవి పాత కాగితాల కొట్లకు పోయాయి, అక్కడి నుంచి కొన్ని సేకరించేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. ఇప్పుడవి ఆన్‌లైన్ వేలాల్లో కనబడుతున్నాయి. అందుకే ఏడాదిన్నరగా నేనూ ఆ సైట్ల మీద రాత్రుళ్ళు గడుపుతున్నాను.

ఒక రాత్రి 'చండీరాణి' కనబడింది. ఫొటో మసకగా ఉంది. పై సగం బాగానే తెలుస్తోంది గానీ కింది భాగం నీడలో ఉంది. అమ్మే వ్యక్తికి ఆత్రంగా మెసేజ్ పెట్టాను. 'కింద దర్శకురాలి పేరు ఉందా? ఉంటే దగ్గరగా ఫొటో తీసి పెట్టగలరా? స్త్రీల చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాను, నాకది చాలా ముఖ్యం' అని. మూడు రోజులకు కొత్త ఫొటో వచ్చింది. ఎర్రటి అక్షరాల్లో 'దర్శకత్వం: భానుమతి'. హీరో పేరు కంటే పెద్దగా. వివరణలో కూడా కొత్తగా ఒక మాట చేరింది, 'తొలి మహిళా దర్శకురాలి అరుదైన పోస్టర్' అని. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

నాలుగు వేలతో మొదలైన పాట చివరి పది నిమిషాల్లో ఇరవై వేలు దాటింది. నేను పెంచిన ప్రతిసారీ ఇంకెవరో ఇంకో ఐదు వందలు పెంచారు. చివరికి 21,500కి నాకు దక్కింది. ఆ ఎదుటి ఖాతా ఆ నెలలోనే తెరిచిందనీ, అది పాడిన పాటలన్నీ ఈ ఒక్క అమ్మకందారు వస్తువుల మీదేననీ తర్వాత చూశాను. ఆ వివరాలు సైటులో అందరికీ కనబడేవే. ఆ రాత్రి నేను అటు చూడలేదు. చూస్తే ఎవరో నా చేత పాడించుకుంటున్నారని అర్థమయ్యేది.

పోస్టర్ గొట్టంలో చుట్టి వచ్చింది. విప్పి, ఫొటో తీసుకుని, మళ్ళీ చుట్టి బీరువాలో పెట్టాను. నెల తిరక్కుండా ఒక సెమినార్లో నా పేపర్ మొదటి స్లైడు అదే. 'దర్శకురాలి పేరును దాచడం కాదు, దాన్నే అమ్మకపు సరుకుగా ముందుకు తెచ్చిన సందర్భం ఇది' అని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

దసరా సెలవులకు విజయవాడ వెళ్ళినప్పుడు దాన్ని మా బాబాయికి చూపించాను. ఆయన గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగా చేశాడు. సంతోషపడతాడని తీసుకెళ్ళాను. మంచం మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకోకుండానే అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"ఇదేంటమ్మా, మడత కనబడుతోంది గానీ చేతికి తగలడం లేదు?" అన్నాడు.

నిజమే. మధ్యలో నిలువునా అడ్డంగా తెల్లటి మడత గీతలు ఉన్నాయి. ఒకచోట అంచు చిరిగినట్టూ ఉంది. వేలు పెట్టి చూస్తే కాగితం నున్నగా ఉంది. ఏదో పాత పోస్టర్ ఫొటోను, దాని మడతలూ చిరుగులతో సహా, కొత్త కాగితం మీద అచ్చు వేశారు.

"మా ఆఫీసుకి ఏ పోస్టరూ చుట్టి రాలేదు. అన్నీ మడతపెట్టి కట్టలు కట్టి వచ్చేవి. మేం మళ్ళీ మడిచి రీళ్ళ పెట్టెలతో పాటు ఊళ్ళకు పంపేవాళ్ళం" అన్నాడు. తర్వాత వెనక్కి తిప్పి వాసన చూశాడు. పాతబడిన కాగితం అంచుల నుంచి లోపలికి రంగు మారుతూ వస్తుంది. ఇది మొత్తం ఒకే తీరుగా, టీ డికాక్షన్ పూసినట్టు గోధుమరంగులో ఉంది. బహుశా పూసిందేనేమో. సందు చివరి కొట్లో ఐదు వందల నోట్లు చూసుకునే నీలం లైటు అడిగి తెచ్చాడు. దాని కింద ఆ మరకల మధ్యలో కాగితం నీలంగా, తెల్లగా మెరిసింది. కాగితాన్ని తెల్లగా చూపించే రసాయనాలు 1950ల తర్వాతే విరివిగా వాడుకలోకి వచ్చాయి. 1953 నాటి చవక పోస్టర్ కాగితం అలా వెలిగిందంటే అనుమానించాల్సిందే. 'మీనా' కాలపు పోస్టర్లకు మాత్రం ఈ ఒక్క పరీక్ష చాలదు.

అసలు సంగతి ఆ రాత్రి నేనొక్కదాన్నే కూర్చుని భూతద్దంలో చూసినప్పుడు తెలిసింది. పోస్టర్ మీద 'భానుమతి' రెండుచోట్ల ఉంది. పైన తారల వరసలో ఒకసారి, కింద దర్శకత్వం పక్కన ఒకసారి. ఆ కాలంలో అక్షరాలు చేత్తో రాసేవారు. ఒకే ఆర్టిస్టు ఒకే పేరును రెండుసార్లు రాసినా 'తి' గుడి ఎక్కడో ఒక వెంట్రుకవాసి తేడాగా తిరుగుతుంది. ఇక్కడ తిరగలేదు. పైన 'భ' ఒత్తు దగ్గర సిరా చెదిరిన చిన్న చుక్క ఉంది. కింద కూడా అదే చుక్క, అదే చోట. నటి పేరును కోసి, పెద్దది చేసి, దర్శకురాలి పేరుగా అతికించారు.

ఎందుకు అతికించారో తెలుసుకోవడానికి నా మెసేజ్ మళ్ళీ చదువుకుంటే సరిపోయింది. నాకేం కావాలో, ఎందుకు కావాలో, ఎంత కావాలో నేనే చెప్పాను. అతను తయారుచేసి ఇచ్చాడు. ఆ పోస్టర్‌కు ఒక రకంగా నేనే రచయితను.

ఈ వ్యాపారం ఇక్కడ పుట్టింది కాదు. 2005లో 'మెట్రోపోలిస్' పోస్టర్ ఒకటి 6,90,000 డాలర్లకు అమ్ముడుపోయింది. దాని మీద ఉన్నది లోహపు స్త్రీ. ఆ కథను నవలగానూ స్క్రీన్‌ప్లేగానూ రాసింది థియా ఫాన్ హార్బో అనే స్త్రీ. ఎక్కువమందికి గుర్తుండేది దర్శకుడు, ఆమె భర్త ఫ్రిట్జ్ లాంగ్ పేరే. అంత ధర పలికే చోటికి నకిలీలు రాకుండా ఉండవు. 1930ల నాటి యూనివర్సల్ భయానక చిత్రాల పోస్టర్లుగా చలామణీ అయిన కొన్ని నకిలీవని 2009 ప్రాంతంలో అమెరికాలో బయటపడి, వ్యవహారం ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళింది. ఏళ్ళ తరబడి సేకరించిన అనుభవజ్ఞులే అక్కడ మోసపోయారు. ఇన్నాళ్ళూ తార మొహానికే ధర ఉండేది కాబట్టి నకిలీ చేసేవాళ్ళు మొహాన్ని పెద్దది చేసేవారు. ఇప్పుడు 'తొలి మహిళ' అన్న మాటకు కూడా ధర వచ్చింది. మనం ముప్ఫై నలభై ఏళ్ళుగా చేసిన పనే ఆ ధర తెచ్చింది. అందులో సంతోషపడాల్సింది ఉంది, భయపడాల్సింది కూడా ఉంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు వాళ్ళు కాగితాల కోసం కూర్చోలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది విన్నారు. చెప్పే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు తడబాటు, మౌనం, కోపం అన్నీ వినబడతాయి. కాగితం అలా ఎదురు మాట్లాడదు. మనం ఏం వినాలనుకుంటే అది చెబుతుంది. మంచం దగ్గర కూర్చుని బాబాయి అన్న మాట నేను మొదట పట్టించుకోలేదు. "కింద పేరు ఎవరు చూశారమ్మా? పైన భానుమతి అని ఉంటే చాలు, జనం వచ్చేవాళ్ళు" అన్నాడు. 21,500 పెట్టి కొన్న సాక్ష్యం కంటే ఆ మాటలో నా పరిశోధనకు పనికొచ్చేది ఎక్కువ ఉంది. అది నా వాదనకు అనుకూలంగా లేదు, అంతే.

డబ్బు తిరిగి రాలేదు. సైటులో ఫిర్యాదుకు ముప్ఫై రోజుల గడువు. నేను కనిపెట్టేసరికి నలభై ఏడు రోజులు. వివరణ చివర చిన్న అక్షరాల్లో 'పాత శైలి ముద్రణ' అని ఉందని అప్పుడు చూపించారు. ఇలాంటివి కొనాలనుకునే మిత్రులకు నేను చెప్పగలిగింది ఇంతే. ముందు వెనకవైపు ఫొటో అడగండి. గుడ్డ మీద అతికించిన పోస్టర్‌కు వెనకవైపు కనబడదు కాబట్టి ఇంకా జాగ్రత్త పడండి. సైటు బయట డబ్బు కడితే తగ్గిస్తామంటే కట్టకండి. వచ్చిన రోజే పగటి వెలుతురులో విప్పి, తడిమి, భూతద్దంతో చూడండి. అన్నిటికంటే ముందు, మీకేం కావాలో అమ్మేవాళ్ళకు చెప్పకండి.

సెమినార్ పేపర్ సంగతి మిగిలింది. అది సంకలనంలో అచ్చుకు వెళ్ళబోతోంది. మా మేడమ్‌కి చెబితే, "బొమ్మ తీసేయ్, చాలు. భానుమతి దర్శకత్వం వహించిన మాట నిజమే కదా, వాదన నిలుస్తుంది" అన్నారు. నిజం నిజమే. సినిమా టైటిల్స్‌లోనే ఉంది. అందుకే నాకు కష్టమనిపించింది. నిజంగా చేసిన పనికి దొంగ సాక్ష్యం జత చేస్తే, రేపు ఆ సాక్ష్యం పడిపోయిన రోజున పనిని కూడా అనుమానిస్తారు. స్త్రీల విషయంలో అలా అనుమానించడానికి జనం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు. పైగా నేను చెప్పింది ఆమె దర్శకురాలని మాత్రమే కాదు, ఆ పేరును పరిశ్రమ పెద్దక్షరాల్లో అమ్మిందని. దానికి నా దగ్గర ఇప్పుడు ఏ ఆధారమూ లేదు. సంపాదకులకు ఉత్తరం రాసి పేపర్ వెనక్కి తీసుకున్నాను. ఎందుకో కూడా రాశాను. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో నాకు తెలిసిన పదకొండు మందికి విడిగా మెయిల్ పెట్టాను. నలుగురు జవాబిచ్చారు. వాళ్ళలో ఒకామె తన దగ్గర కూడా అలాంటిదే 'మీనా' పోస్టర్ ఉందనీ, ఇప్పుడు దాన్ని తీసి చూడాలంటే భయంగా ఉందనీ రాసింది.

అదే సైటులో మళ్ళీ అమ్మేసి డబ్బు రాబట్టుకోమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. తెలిసి అమ్మితే నాకూ అతనికీ తేడా ఏముంటుంది? చింపి పారేయాలనీ అనిపించలేదు. నా తర్వాత బీరువా తెరిచేవాళ్ళు దీన్ని ఏ గ్రంథాలయానికో ఇవ్వవచ్చు, ఏ పిల్లో దాన్ని చూసి నాలాగే సంబరపడవచ్చు. అందుకని వెనక్కి తిప్పి, చెరపడానికి వీల్లేని సిరాతో, అడ్డంగా, పెద్దక్షరాల్లో 'నకిలీ' అని రాశాను. కింద తేదీ వేశాను. దాని కింద, కొంచెం ఆలోచించి, కొన్నదాని పేరుగా నా పేరు కూడా రాశాను. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టాను.