తొట్టిలో నీళ్ళు

నీళ్ళ తొట్టి నిండుగా ఉంది. దాని ముందు నిలబడిన పశువుకు దాహంగా ఉంది. అయినా అది తాగలేకపోతోంది. ఇలా ఎప్పుడు జరుగుతుందో మీరు ఊహించగలరా? తొట్టిలోని నీరు గడ్డకట్టినప్పుడు.

మీలో చాలామంది ఈ దృశ్యాన్ని చూసి ఉండరు. నేనూ చూడలేదు. నేను పుట్టి పెరిగింది పుదుచ్చేరి పట్టణంలోని ఒర్లియంపేటలో. సముద్రానికి దగ్గరగా ఉన్న పేట అది. ఇక్కడి తమిళులు మార్గళి అని పిలిచే ధనుర్మాసంలో కూడా తెల్లవారుజామున వేడిమి 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీరు గడ్డకట్టాలంటే అది సున్నాకు దిగాలి. మరి ఈ సంగతి మీకెందుకు చెబుతున్నాను? పశువును పెంచే ప్రతివారికీ పనికివచ్చే విషయం ఇందులో ఒకటి ఉంది. తొట్టిలో నీళ్ళు పోయడం వేరు, పశువు వాటిని తాగడం వేరు.

మా పెరట్లో ఒక గేదె ఉండేది. నా పుస్తకాలకూ ఫీజులకూ దాని పాల డబ్బులే ఆధారం. మా నాయనమ్మ కుడితి గోలెంలో తవుడు, తెలగపిండి కలిపేది. గేదెను విప్పే ముందు మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేది. చలికాలం పొద్దున, రాత్రి మిగిలిన నీళ్ళు పారబోసి, అప్పుడే తోడిన బావి నీళ్ళు పోసేది. “అది నోరు పెట్టకపోతే మనకు పూట గడవదురా” అనేది.

ఆమె మాటలో శాస్త్రం ఉంది. ఆవు పాలలో నూటికి సుమారు 87 వంతులు నీరే. పశువు తిన్న మేత కడుపులో నానాలన్నా నీరే కావాలి. నీరు తగ్గితే మేత తగ్గుతుంది, వెంటనే పాలూ తగ్గుతాయి. పాలు అమ్ముకొని బతికే ఇంట్లో దాని అర్థం ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చలి ప్రాంతాలకు వెళదాం. మన తెలుగువారికి దగ్గరలో ఉన్నది లంబసింగి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని కొండ ఊరు. దానికి కొర్రబయలు అని మరో పేరుంది. బయట ఉన్న మనిషి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. కొన్ని సంవత్సరాల్లో అక్కడి చలి సున్నా డిగ్రీల దగ్గరికి చేరుతుంది.

లడఖ్‌లో చలి ఇంతకంటే చాలా ఎక్కువ. ఒక శిక్షణా తరగతిలో అక్కడి నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు ఒకాయన నా పక్కన కూర్చున్నారు. పశువులకు నీళ్ళెలా అని అడిగాను. “గొడ్డలితో వాగుపై మంచును పగలగొడతాం. ఎండ బాగా కాసే మధ్యాహ్నం పశువులను తోలుకుపోతాం” అన్నారు. వాళ్ళ పాతకాలపు ఇళ్ళలో కింది అంతస్తు పశువులకే. పైన మనుషులు ఉంటారు.

మంగోలియా దేశంలో పశువులను పొట్టన పెట్టుకునే చలికాలాన్ని ‘జుడ్’ అంటారు. 2009-10 జుడ్‌లో అక్కడ 80 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. జుడ్‌లో రకాలున్నాయి. మంచు దట్టంగా కురిసి గడ్డిని కప్పివేస్తే అది తెల్ల జుడ్. మంచు కురవక, ఉన్న నీరు గడ్డకట్టి, పశువులు దాహంతో అలమటిస్తే అది నల్ల జుడ్.

మంచు తింటే దాహం తీరదా అని మీరు అడగవచ్చు. తీరుతుంది, కాని దానికి పశువు మూల్యం చెల్లించాలి. చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక కిలో మంచు కరగాలంటే 80 కిలో కేలరీల వేడి కావాలి. 10 కిలోల మంచుకు 800 కిలో కేలరీలు. ఇది సుమారు పావు కిలో బియ్యం ఇచ్చే శక్తికి సమానం. ఈ వేడి పశువు ఒంట్లో నుంచే రావాలి. మేత దొరకని రోజుల్లో అది ఎంత భారమో ఆలోచించండి.

నీటి స్వభావం తెలిస్తే ఉపాయం దొరుకుతుంది. నీరు 4 డిగ్రీల వరకు చల్లబడేకొద్దీ బరువెక్కి అడుగుకు దిగుతుంది. అంతకన్నా చల్లబడితే తేలికై పైకి వస్తుంది. అందుకే మంచు పైన మొదలవుతుంది. ఆ పొర దుప్పటిలా కింది నీటిని కాపాడుతుంది. లోతైన చెరువులో మంచు కింద నీరు మిగిలి ఉండటానికి కారణం ఇదే. లోతు తక్కువ ఉన్న చిన్న తొట్టి మాత్రం అడుగు దాకా గడ్డకడుతుంది.

కాబట్టి చలి దేశాల రైతులు పెద్ద, లోతైన తొట్టిని వాడుతారు. దానిని సగం వరకు నేలలో పాతుతారు. చుట్టూ గడ్డి లేదా పేడ ఎరువు దట్టిస్తారు. మాగుతున్న ఎరువు వేడి పుట్టిస్తుంది. పశువు మూతి పట్టేంత ఖాళీ వదిలి, పైన చెక్క మూత వేస్తారు. కరెంటు హీటర్లు కూడా ఉన్నాయి. కాని తడి చోట తీగ దెబ్బతింటే పశువుకూ మనిషికీ ప్రాణాపాయం.

నీళ్ళలో ఉప్పు కలిపితే సరిపోదా? ఒర్లియంపేటవాళ్ళకు జవాబు దగ్గరలోనే ఉంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అయినా అది మైనస్ 2 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అంత ఉప్పునీరు మన పశువులు తాగగలవా?

ఇక మన ఊరి ఎండ సంగతి చూడండి. మే నెల మధ్యాహ్నం డాబా పక్కన పెట్టిన ప్లాస్టిక్ తొట్టిలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ నీళ్ళను పశువు వాసన చూసి వదిలేస్తుంది. దీనికీ ఉపాయం అదే. పెద్ద తొట్టి, నేలలో సగం, పైన మూత, దానికి తోడు నీడ. నేల లోపల చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. చలి నుంచి నీటిని కాపాడే ఏర్పాటే ఎండ నుంచి కూడా కాపాడుతుంది.

మీ ఇంట్లో పశువు ఉంటే ఈ పని చేయండి. ఒక వారం పాటు అది ఎన్ని బక్కెట్ల నీళ్ళు తాగిందో, ఎన్ని పాలు ఇచ్చిందో రోజూ నోటుపుస్తకంలో రాయండి. పోసిన నీళ్ళు కాదు, తాగిన నీళ్ళు. మిగిలినవి కొలిచి తీసివేయడం మరువకండి. తాగింది తగ్గిన రోజున, పశువును తిట్టేముందు, తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి.