కొర్రమట్ట కాపుకాసే కాలం

ఈరీ సరస్సు ఎంతుంటుందని ఊరివాళ్లు అడిగితే మన లెక్కలోనే చెబుతాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ కలిసి ఉన్న పాత ఉమ్మడి వరంగల్ జిల్లా 12,846 చదరపు కిలోమీటర్లు. అలాంటి జిల్లాలు రెండు పక్కపక్కన పెట్టి నీళ్లు నింపితే ఈరీ అవుతుంది. అమెరికా, కెనడాల నడుమ ఉన్న అయిదు మహా సరస్సుల్లో వైశాల్యంలో ఇది నాలుగోది. లోతు మాత్రం అన్నిటికంటే తక్కువ, సగటున 19 మీటర్లే. లోతు లేదు కాబట్టి నీళ్లు తొందరగా వేడెక్కుతాయి, మేత బాగా పుడుతుంది, చేప బలుస్తుంది. అందుకే ఒడ్డున ఉన్న పోర్ట్ క్లింటన్ అనే చిన్న ఊరు ప్రపంచ వాలై చేపల రాజధాని తానేనని చెప్పుకుంటుంది.

మాది రఘునాథపల్లి. కాజీపేట–సికింద్రాబాద్ రైలు ఎక్కినవాళ్లకు స్టేషన్ పేరుగానైనా తెలిసి ఉంటుంది. ముదిరాజుల ఇల్లు మాది. వల, తెప్ప, తూము, మత్తడి అనే మాటల మధ్యే పెరిగాను. డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో పని చేసుకుంటూ స్థిరపడ్డాక ఇక్కడివాళ్లు చేపలు పట్టే తీరు చూడాలని మొదటినుంచీ కోరిక. ఎండాకాలం వచ్చిందంటే నలుగురైదుగురు తెలుగు మిత్రులం కలిసి పోర్ట్ క్లింటన్‌లో చార్టర్ బోటు మాట్లాడుకుంటాం. కెప్టెన్‌తో సహా పడవను రోజు బాడిగకు తీసుకోవడమన్నమాట. మామూలు లైసెన్సున్న కెప్టెన్ ఆరుగురికి మించి ఎక్కించుకోకూడదు. ఆ లైసెన్సు కూడా ఊరికే రాదు. కనీసం 360 రోజులు పడవ నడిపిన అనుభవం చూపాలి, వైద్య పరీక్ష కావాలి, కోస్ట్ గార్డ్ పెట్టే పరీక్ష పాసవ్వాలి.

తెల్లవారకముందే రేవు దాటిస్తారు. కెప్టెన్ కళ్లు సోనార్ తెర మీద ఉంటాయి, చేయి స్టీరింగ్ మీద. సహాయకుడు ఒక్కొక్క దారానికీ చిన్న చెక్క పలక తగిలించి నీళ్లలోకి వదులుతాడు. పడవ ముందుకు పోతుంటే ఆ పలకలు దారాలను చెరో పక్కకూ దూరంగా లాక్కుపోతాయి. అలా ఏడెనిమిది గాలాలు ఒకదానికొకటి చిక్కు పడకుండా సరస్సును దువ్వుకుంటూ వస్తాయి. ఎరగా మన దగ్గరలా వానపాము ఒక్కటే కాదు, తళుక్కుమనే రంగురంగుల రేకులు కూడా కడతారు. ఏదో ఒక పలక ఉన్నట్టుండి వెనక్కి జారుతుంది. సహాయకుడు కర్ర తీసి మన చేతికిస్తాడు. తొందరపడి గుంజొద్దు, దారం వదులూ కానివ్వొద్దు అంటాడు. చేప పడవ దగ్గరికొచ్చాక వలగరిటెతో ఎత్తుతాడు. అంతవరకూ అందరూ కేకలే కేకలు. ఆ తర్వాత అందరూ నోరు మూసుకుని కొలబద్ద వైపు చూస్తారు. ఒహాయో నీళ్లలో వాలై 15 అంగుళాలు లేకపోతే పట్టినవాడు ఎంత బతిమాలినా అది నీళ్లలోకే. మనిషికి రోజుకు ఆరు చేపలు, అంతే. ఏడోది పట్టినా ఉంచుకునే హక్కు లేదు.

ఆ కొలబద్ద ఫొటో మా చిన్నబాపు కొడుక్కు పంపాను. వాడు ఊళ్లో మత్స్య సహకార సంఘం సభ్యుడు. వెంటనే ఫోను చేశాడు.

"అన్నా, గంత ఖర్సు వెట్టుకొని వొయ్యి, దొరికిన చాపను మల్ల నీళ్లల్ల ఇడిసిపెడ్తరానే?"

"చిన్నదైతే ఇడిసిపెట్టాలె తమ్మీ. కేసైతది."

"చెర్ల చాపకు కేసేందే!" అని చాలాసేపు ఒప్పుకోలేదు.

వాడికి నమ్మశక్యం కాని సంగతి ఇంకొకటి ఉంది. మా ఇంటికి దగ్గరలో సెయింట్ క్లెయిర్ అనే సరస్సు ఉంది. మహా సరస్సుల పక్కన అది చెరువు లాంటిదే గానీ 1,100 చదరపు కిలోమీటర్లు. అక్కడ స్మాల్‌మౌత్ బాస్ చేపల పోటీలు జరుగుతాయి. పోటీకి వచ్చినవాళ్లు ప్రతి చేపనూ బతికుండగానే తెచ్చి తూకం వేయాలి. అందుకోసం పడవలోనే గాలి ఆడే నీళ్ల తొట్టి ఉంటుంది. మధ్యాహ్నానికి పడవలన్నీ రేవుకు చేరతాయి. నీళ్లు నింపిన సంచుల్లో చేపలు పట్టుకుని వరుసలో నిలబడతారు. కాంటా మీద నిమిషం కూడా ఉంచరు. అటు తూకం, ఇటు నీళ్లు. చచ్చిన చేప తెస్తే తూకంలోంచి కోత పడుతుంది. ఔన్సుల తేడాతో బహుమతులు తారుమారయ్యే చోట ఆ కోత చిన్నది కాదు.

ఈ పద్ధతి ప్రభుత్వం పెట్టింది కాదు, పోటీలు నడిపినవాళ్లే పెట్టుకున్నారు. అలబామాకు చెందిన రే స్కాట్ అనే బీమా ఏజెంటు 1967 జూన్‌లో అర్కన్సాస్‌లోని బీవర్ సరస్సు మీద 106 మందితో, తలా వంద డాలర్ల రుసుముతో బాస్ పోటీ పెట్టాడు. ఈనాటి పోటీలకు అదే పునాది. పోటీలు పెరిగేకొద్దీ, బహుమతుల కోసం సరస్సులు ఖాళీ చేస్తున్నారని జనం తిట్టడం మొదలుపెట్టారు. 1972లో ఆయన తన పోటీల్లో చేపను చంపకుండా వదలాలనే ఉద్యమం తెచ్చాడు. పట్టేవాడి చేతే వదిలించడం చట్టం చేయగలిగిన పని కాదని నా నమ్మకం. అది పట్టేవాళ్లలోంచే రావాలి.

డబ్బున్న చోట మోసమూ ఉంటుంది. 2022 సెప్టెంబర్ 30న క్లీవ్‌లాండ్‌లో ఈరీ వాలై పోటీ ముగింపు రోజున ఇద్దరు తెచ్చిన అయిదు చేపలు 33.91 పౌండ్లు తూగాయి. చూపుకు అంత బరువున్న చేపలు కావవి. నిర్వాహకుడికి అనుమానం వచ్చి అందరి ముందూ పొట్ట కోస్తే లోపల సీసం గుండ్లు, వేరే చేపల ముక్కలు బయటపడ్డాయి. గెలిచి ఉంటే 28 వేల డాలర్ల పైచిలుకు వచ్చేది. కేసు కోర్టుకెక్కింది. 2023లో ఇద్దరూ తప్పొప్పుకున్నారు. పది రోజుల జైలు, జరిమానా, మూడేళ్ల పాటు లైసెన్సు రద్దు. పోటీకి వాడిన పడవ కూడా పోయింది.

ఇది చెబితే తమ్ముడు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆడ బరువు కలుపుతరు, ఈడ బరువు కోస్తరు" అన్నాడు. వేసవిలో చెరువు పట్టిన రోజు కట్ట మీదికి వ్యాన్లు వస్తాయి, కాంటాలు వెలుస్తాయి. నీళ్లు కారుతున్నాయని ఒకరు, ఐసు ఖర్చని ఒకరు తరుగు పేరిట కిలోలు తీసేస్తారు. ఎండలో చేప ఆగదు, సంఘం వాళ్లు బేరమాడలేరు. క్లీవ్‌లాండ్ కాంటా చుట్టూ వందమంది కళ్లు కాపలా ఉంటాయి. మన కాంటా చుట్టూ కూడా ఉంటారు గానీ, ఎవరికీ అడిగే ధైర్యం ఉండదు. కాంటా సంఘానిదై, చదివే అంకె అందరికీ కనబడేలా పెడితే సగం తరుగు అక్కడే ఆగుతుంది.

మిషిగన్ సరస్సులో సాల్మన్ కథ కూడా మనవాళ్లు వినదగ్గది. సముద్రం నుంచి కాలువల గుండా వచ్చిన లాంప్రే అనే జలగ లాంటి జీవి 1940లు, 50ల్లో అక్కడి పెద్ద ట్రౌట్ చేపలను పీల్చి చంపేసింది. తినే పెద్ద చేప లేక ఆల్‌వైఫ్ అనే చిన్న చేప లెక్కకు మించి పెరిగి, 1967లో ఒడ్ల మీద కుప్పలుగా చచ్చిపడింది. మిషిగన్ మత్స్య విభాగం అధిపతి హొవార్డ్ టానర్ అప్పటికే ఉపాయం ఆలోచించాడు. ఒరెగాన్ నుంచి కోహో సాల్మన్ గుడ్లు తెప్పించి, పొదిగించి, 1966 వసంతంలో పిల్లలను వాగుల్లో వదిలాడు. మరుసటి ఏడు శరదృతువుకు అవి చేతులు చాచి చూపించేంత పెరిగాయి. జనం చిన్నచిన్న పడవలు వేసుకుని ఎగబడ్డారు. 1967 సెప్టెంబర్ 23న హఠాత్తుగా గాలివాన వచ్చి ఏడుగురు మునిగి చనిపోయారు. అయినా ఆ చేపే రేవు ఊళ్లను నిలబెట్టింది. ఈనాటి చార్టర్ పడవల వ్యాపారం చాలావరకు దాని చలవే. పక్కనే ఉన్న హ్యూరాన్ సరస్సులో మాత్రం 2003 ప్రాంతంలో ఆల్‌వైఫ్ అడుగంటింది, దానితో సాల్మన్ పోయింది, దానితో పడవలూ పోయాయి. అది చూసి మిషిగన్ సరస్సులో 2013లో చినూక్ సాల్మన్ పిల్లలను వదలడం దాదాపు సగానికి తగ్గించారు. మేత ఎంతుందో లెక్కేసి పిల్లను వదిలారు.

మన తెలంగాణలో 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతున్నారు. బొచ్చె, రవ్వు, బంగారుతీగ, మోసు. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే వాటికి 80–100 మిల్లీమీటర్ల పిల్ల అని లెక్క. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు వచ్చాక మా మండలంలో అశ్వరావుపల్లి రిజర్వాయర్ లాంటివి ఆ రెండో జాబితాకు ఆశ పుట్టించాయి. ఉచిత చేపపిల్లల పథకం మంచిదే. మా సంఘం వాళ్ల ఇళ్లలో దాని డబ్బు కనిపిస్తుంది. కానీ బొచ్చె, రవ్వు నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు. పారే వరద కావాలి వాటికి. అందుకే ఏటా పిల్ల బయటినుంచి రావాలి. రాకపోతే ఆ ఏడు చెరువు ఉత్తదే.

కొర్రమట్ట అట్లా కాదు. మన రాష్ట్ర చేప అది. చెరువులోనే, తుంగ మొలిచిన ఒడ్డు నీళ్లలోనే గడ్డి పక్కకు జరిపి గూడు చేసుకుంటుంది. వానలు పడ్డాక చెరువు అంచున నీళ్ల మీద ఎర్రగా ఒక ముద్ద కదులుతూ కనబడుతుంది. అవి కొర్రమట్ట పిల్లలు, వందలుగా, గాలి పీల్చడానికి పైకొచ్చి మళ్లీ మునుగుతూ ఉంటాయి. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. కప్ప గానీ, వేరే చేప గానీ దగ్గరికొస్తే కొట్టి తరుముతాయి. పిల్లలు తమంతట తాము బతికే దాకా కొన్ని వారాలు అక్కడినుంచి కదలవు. మన కుర్రాళ్లకు ఇదంతా తెలుసు. అందుకే గాలానికి కప్పను గుచ్చి సరిగ్గా ఆ ఎర్రముద్ద మీదే ఆడిస్తారు. ఆకలి లేకపోయినా, పిల్లల మీదికి వచ్చిందన్న కోపంతో కొర్రమట్ట నోరు తెరిచి పడుతుంది. పెద్ద చేప పోతే ఆ ముద్ద సాయంత్రానికి మిగలదు.

సెయింట్ క్లెయిర్‌లో బాస్ చేప కూడా ఇట్లాగే చేస్తుంది. మగ చేప గులకరాళ్ల మధ్య గూడు చేసి, గుడ్ల మీద నిలబడి కాపలా కాస్తుంది. దాన్ని పట్టి ఇంటికి తీసుకుపోవడం ఆ సరస్సులో జూన్ మూడో శనివారం వరకు నిషేధం. అంతకుముందు పట్టినా వెంటనే అక్కడే వదలాలి. ఈ నియమాన్ని గట్టిగా పాటించేది అధికారుల భయంతో కాదు, పోటీల్లో పాల్గొనేవాళ్లే ఒకరినొకరు కనిపెడుతుంటారు. వచ్చే ఏటి చేప ఈ ఏటి గూట్లో ఉందని వాళ్లకు తెలుసు.

పెద్ద సరస్సుల మీద నేను చూసినవాటిలో మా ఊరికి పనికొచ్చేది ఇదే. మెరిసే పడవలు కాదు, బహుమతి చెక్కులు అసలే కాదు. లక్నవరం చెరువు మీద సరదా పడవలు తిరుగుతున్నాయి, రేపు మా రిజర్వాయర్ల మీదికీ రావచ్చు. గాలం ఆట ఆడుకుంటామని హైదరాబాద్ నుంచి కార్లు రావచ్చు. రానివ్వండి, కానీ పడవ మీద కెప్టెన్‌గా ఉండేది సంఘం మనిషి కావాలి, డబ్బు సంఘం ఖాతాలో పడాలి. అమెరికాలో గాలాలూ ఎరలూ అమ్మిన ధరలో పన్ను తీసి చేపల పెంపకానికే రాష్ట్రాలకు ఇవ్వాలని 1950లోనే చట్టం చేశారు. నీళ్ల మీద ఆడేవాడు నీళ్లకు కట్టాలి. చెరువు హక్కు తరతరాలుగా వల మీద బతికేవాళ్లది. ఆ హక్కును టెండరులో ఎవరికో రాసిచ్చే ఆటను నేను ఒప్పుకోను.

తమ్ముడితో వాదన ఇంకా నడుస్తూనే ఉంది. వానాకాలంలో ఎర్రముద్ద కనబడ్డ చోట గాలం వేయొద్దని సంఘంలో తీర్మానం పెట్టిద్దామంటే, "సంఘపోళ్లు ఇంటరే, పోరగాండ్లు ఇంటరా?" అంటున్నాడు. అందుకని పోరగాళ్లకే ఒక పోటీ పెడదామన్నాను. చెరువు దిగే ఎండాకాలంలో, గాలంతో, కొలబద్ద మీద పెట్టి కొలిచి, పెద్ద కొర్రమట్టకు బహుమతి. చిన్నది తెచ్చినవాడు పోటీలో లేనట్టే. అది వాడికి నచ్చింది. మరి గీత ఎన్ని అంగుళాల దగ్గర పెట్టాలె అని అడిగాడు. ఒక్కసారైనా పిల్లలను పెట్టినంత వయసు వచ్చిన కొర్రమట్ట మన చెరువుల్లో ఎంత పొడవుంటుందో పెబ్బేరు మత్స్య కళాశాల వాళ్లను అడిగి తెలుసుకో అన్నాను. ఉత్తరం ఏం రాయాలో చెప్పు, సంఘం లెటర్‌హెడ్ మీదనే పంపుత అన్నాడు. ఈ వారం కూర్చుని అదే రాస్తున్నాను.