పోయిన మెఱుగు

మా గుత్తిలో పండుగ వచ్చినదనగా వెండికుందులను, కుంకుమభరిణెలను విభూతితో రుద్ది తళతళలాడించుట ఇంటింట జరుగు పని. చిన్ననాడు నేనును మా తల్లికి ఆ పనిలో తోడ్పడెడివాడను. ఆ నేర్పే యొకనాడు నాచేత పెద్ద పొరపాటు చేయించెను.

నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో గాంధీజయంతికి మా పాఠశాలలో ఒక ప్రదర్శన నేర్పాటు చేసితిమి. ఒక విద్యార్థి తన తాత దాచిన పదిరూపాయల వెండినాణెమును తెచ్చి నా చేతికిచ్చెను. మహాత్ముని శతజయంతి సందర్భమున 1969లో మన ప్రభుత్వము వెలువరించిన స్మారకనాణెమది. ఒకవైపు గాంధీజీ ముఖము, 1869–1948 అను సంవత్సరములు. రెండవవైపు అశోకుని సింహములు. బరువు 15 గ్రాములు. అందు నూటికి 80 పాళ్లు వెండి. నాణెము నడుమ తేనెవన్నెయు, అంచున నీలివన్నెయు క్రమ్మియుండెను. అది మురికియని తలచి, ఆ రాత్రి విభూతితో రుద్దితిని. మరునాడు నాణెము అద్దమువలె మెఱసెను. అందఱును మెచ్చుకొనిరి. బాలుడు మురిసిపోయెను.

చాలకాలమునకు గాని నా తప్పు నాకు తెలియలేదు. గాలిలో లేశమాత్రముగ నుండు గంధకపు వాయువులు వెండితో కలిసి పలుచని పొర యేర్పడును. అది మొదట పసుపుగ, పిదప గోధుమవన్నెగ, నీలముగ మాఱి, తుదకు నలుపగును. ఆ పొర క్రింద నాణెము చెడక నిలిచియుండవచ్చును. టంకశాలలో అచ్చుల నడుమ బిళ్లను గట్టిగా నొక్కినపుడు లోహము నడిమినుండి అంచులకు ప్రాకి, కంటికానని సన్నని జాడలను విడుచును. క్రొత్తదనము చెడని నాణెమును దీపము క్రింద వంచి మెల్లగా త్రిప్పినచో, ఆ జాడలవలన వెలుగు బండిచక్రపు ఆకులవలె తిరుగును. రుద్దిన నాణెమున ఆ చక్రము కానరాదు. భూతద్దముతో చూచినచో ఒకే దిక్కునకు సాగిన గీతలును, అక్షరముల సందులలో చిక్కిన పొడియు పట్టియిచ్చును. చేతులు మాఱి అరిగిన నాణెము తీరు వేఱు. దానియందు చెంప, చెవి వంటి ఎత్తైన భాగములు మొదట అరుగును.

కొన్నియేండ్ల క్రిందట, ఒక కరువు సంవత్సరమున, ఆ విద్యార్థి మా యింటికి వచ్చెను. వానలు లేక అతని వేరుశనగచేను ఎండిపోయెను. మరుసటి కారునకు విత్తనములు కొనవలసియుండెను.

“అయ్యవారూ, ఇది మా తాత నాణెము. చెడని నాణెమునకు మంచి వెల పలుకునందురు. మీరు చూచి చెప్పుడు” అనెను.

నాణెము మరల నల్లబడియుండెను. దీపము క్రింద త్రిప్పితిని. చక్రము తిరుగలేదు. భూతద్దము పట్టితిని. మహాత్ముని చెంపమీద సన్నని గీతలు. అక్షరముల మూలల తెల్లని పొడి. ఆ గీతలు నా వ్రేళ్లు గీసినవి. ఆ పొడి నా విభూతియే.

అతడేమియు నెఱుగడు. “కాలమువలన చెడినది” అనిన చాలును. ఆ మాట నా నాలుకచివరకు వచ్చెను.

“నాయనా, దీనిని చెఱచినవాడను నేనే” యని జరిగినదంతయు చెప్పితిని. ఇది అరుదైన నాణెము కాదు గనుక సేకరించువారు చెడని దానినే కోరుదురనియు, దీనికి ఇంచుమించు 12 గ్రాముల వెండి వెల మాత్రమే రాగలదనియు తెలిపితిని. విత్తనముల సొమ్ము నేనిచ్చెదనంటిని.

అతడు చాలసేపు మాటాడలేదు. పిదప నాణెమును పంచెకొంగున ముడివైచుకొనుచు, “అప్పుగా నిండు, అయ్యవారూ” అనెను. పంట చేతికి వచ్చిన యేడు ఆ యప్పు తీర్చెను. నాణెము నేటికిని వారి యింటనే యున్నది.

బాలలారా! మీ యింట పాత వెండినాణెము కనబడినచో అంచులు పట్టి యెత్తుడు. రబ్బరునకు, ఉన్నికి దూరముగ నుంచుడు. రుద్దవలదు. తుడిచిన నలుపు మరల వచ్చును. అచ్చు నిలిపిన వెలుగు మరల రాదు. తెలియక రుద్దితిరా, ఆ సంగతి నాణెము గలవానికి చెప్పుడు. నేను చెప్పుటకు చాల ఆలస్యమైనది.