మైపాడు సముద్రమునకు మా బండ్లయాత్ర

నెల్లూరునకు తూర్పున సుమారు 25 కిలోమీటర్ల దూరమున మైపాడు ఉన్నది. ఇంటిల్లిపాదియు కారులోనో బస్సులోనో పోయి, పులిహోరపొట్లము విప్పి, పాదములు తడుపుకొని తిరిగివచ్చు చోటది. మేమును అటులనే పలుమార్లు పోయి వచ్చితిమి. కాని గడచిన ఫాల్గుణమాసమున ఆరుగురు స్త్రీలము రెండు మోటారు సైకిళ్లమీదను, రెండు స్కూటర్లమీదను, మగతోడు లేకయే పోయితిమి. ఈ మాటకు కొందరు సోదరీమణులు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. 2018వ సంవత్సరమున జైభారతి మొదలగు నలుగురు స్త్రీలు హైదరాబాదునుండి మోటారు సైకిళ్లపై బయలుదేరి, బర్మా, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాము దేశములలో సంచరించిరి. ఆ యాత్ర సుమారు 17,000 కిలోమీటర్లు. వారియెదుట మా ప్రయాణ మేపాటిది!

తూర్పుముఖముగా పోవుదారి గనుక ప్రొద్దు కన్నులలో పడకముందే పోవలెనని, తెల్లవారకమునుపే మైపాడు గేటుకడ కలిసికొంటిమి. ఊరు దాటినంతనే చల్లగాలి మొగమునకు తగిలెను. కొన్ని మళ్లలో పండిన వరి తలవంచుకొని యుండెను. కొన్నింట కోత ముగిసి కొంగలు దిగియుండెను. అచ్చటచ్చట రొయ్యలగుంటలు, వానిలో నీటిని చిలుకుచు తిరుగు చక్రములు. అందరికంటె ముందు మేమే పోవుచుంటిమి. ఆ గాలికి ప్రాణము తేలికపడి, చేయి తనకు తానే వేగము హెచ్చించెననిన అబద్ధము కాదు.

ఇందుకూరుపేటలో ఆగి వెనుదిరిగి చూడగా మూడు బండ్లే యున్నవి. నాలుగవది మా తోడికోడలిది. స్కూటరు నేర్చి రెండుమాసములైనను కాలేదు. మెల్లగా నడుపునని ఆమెను కడపట నుంచితిమి. ఐదునిమిషములు చూచితిమి, టెలిఫోనునకు బదులులేదు. గుండె జారిపోయెను. వెనుకకు మరలితిమి.

మూడు కిలోమీటర్ల దూరమున, బాటలో సగముమేర వడ్లు ఎండబోసియున్న చోట, కూలిస్త్రీలు ఆమెను చెట్టుక్రింద కూర్చుండబెట్టి మంచినీళ్లు ఇచ్చుచుండిరి. ఎదురుగా ట్రాక్టరు రాగా వడ్లమీదికి తప్పుకొని, బ్రేకు నొక్కినదట. చక్రము జారినది. మోచేయి గీచుకొనిపోయెను, హెల్మెట్టుమీద అరచేయి పొడవున గాటు. పడునప్పుడు కేకవేసినదట, మాకు వినబడునంత దగ్గర మేము లేము. గాయము కడుగుచుండగా ఆమె అన్నమాట ఇది: "అక్కా, నొప్పి సంగతి సరే. అత్తయ్యకు మాత్రము చెప్పవద్దు. చెప్పితే రేపటినుండి తాళము నాకు దొరకదు."

తప్పు ఆమెది కాదు, మాది. క్రొత్తగా నేర్చినవారిని కడపట నుంచరాదు. ముందుబండి వెనుకనే, రెండవస్థానమున నుంచవలెను. వారి వేగమే అందరి వేగము. కడపట అనుభవముగలవారు రావలెను. ప్రతివారును అద్దములో వెనుకబండిని చూచుకొనుచుండవలెను. అది కనబడనిచో నెమ్మదింపవలెను. ముందుబండి యొక తాటిచెట్టు దాటినపిదప, ఒకటి, రెండు అని మెల్లగా లెక్కించిన తరువాతనే మనబండి ఆ చెట్టును చేరవలెను. తిన్నని బాటలో నడచువాని అడుగుజాడలవలె ఒకరు కొంచెము కుడికి, ఒకరు ఎడమకు పోవచ్చును. మలుపులలో మాత్రము ఒకరివెనుక నొకరే. వడ్లు, గడ్డి, ఇసుక కనబడినచో ముందుగనే వేగము తగ్గింపవలెను. వానిమీదికి చేరినపిమ్మట బ్రేకు నొక్కరాదు.

వెనుక కూర్చుండువారి పైటచెంగు సంగతి మరువరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు వెనుకచక్రమును సగమునకు తక్కువ గాకుండ కప్పవలెనని విధించినది, వస్త్రములు అందు చిక్కుకొనకుండుటకే. కొందరు అందమునకై ఆ కప్పును ఊడదీయింతురు. ఆ యందము మనకు వలదు. పైట నడుమున దోపుకొనవలెను. హెల్మెట్టు వెనుకవారికిని కావలెను. నాలుగేండ్లు దాటిన బిడ్డకు సయితము చట్టము దానిని విధించినది.

తలతిరుగుట లేదని నిశ్చయించుకొని అరగంట ఆగి, ఆమెను మా వెనుక కూర్చుండబెట్టుకొంటిమి. ఆమె స్కూటరును మరియొకరు తెచ్చిరి. సముద్రము కనబడగనే అందరి మాటయు ఆగిపోయెను. ఇసుకలో బండి స్టాండు దిగబడకుండ చదునైన రాయి వెదకి క్రింద నుంచితిమి. ఒడ్డున పడవలు, వలలు. ఆవల అంతులేని నీలము. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ యీ తీరమును తాకినదన్న మాట ఆ యుదయమున నమ్మశక్యము కాలేదు. అయినను అల వెనుకకు లాగు బలము తెలిసినవారము గనుక మోకాళ్లు దాటి ఎవ్వరును దిగలేదు. మా తోడికోడలు మాత్రము నీటికి దూరముగ, కట్టుకట్టిన చేయి ఒడిలో నుంచుకొని, చాలసేపు చూచుచు కూర్చుండెను.

తొమ్మిదిగంటలకు, సూర్యుడు వీపున నుండగా, తిరుగుప్రయాణమైతిమి. "నా బండి నేనే నడుపుదును" అని ఆమె పట్టుపట్టెను. ఈమారు ఆమె రెండవది. వడ్లు పోసినచోట ఆమె ముందుగనే నెమ్మదించుట అద్దములో చూచితిమి.

ఇంట మేము నోరు తెరవకముందే ఆమె ఆ హెల్మెట్టును అత్తగారియెదుట పెట్టి జరిగినదంతయు చెప్పెను. అత్తగారు ఆ గాటును వ్రేలితో తడిమి, "ఇంక ఇది పనికిరాదు, క్రొత్తది తెచ్చుకో" అని లోనికి పోయిరి. మరునాడు చూడగా స్కూటరు తాళము ఎప్పటి మేకునకే వ్రేలాడుచుండెను.