ఎఱ్ఱదుప్పటికై లంకలలో

మా అత్తగారు కాపురమునకు వచ్చిననాడు పుట్టింటినుండి తెచ్చుకొన్న బందరు అద్దకపు దుప్పటి యొకటి మా యింట నుండెను. అరువదియేండ్లు ఉతికినను దాని యెఱుపు వెలవలేదు. అట్టిదానిని పోయిన వేసవిలో మేమే పాడుచేసితిమి. కాఫీ మరక పోవుటకై బుద్ధిలేక బ్లీచింగు పొడి చల్లగా, తెల్లవారునప్పటికి నడిమి నెమలి తోకతోసహా తెల్లబోయెను. అత్తగారికి చూపు మందగించినది గదా యని పెట్టెయడుగున దాచితిమి. నాటినుండి ఆ పెట్టెను చూచినప్పుడెల్ల మాకు దిగులే.

పత్తి మిల్లులున్న మా చిలకలూరిపేటలో నూలుకు కొదువలేదుగాని, ఆ యెఱుపు ఏ దుకాణమునను దొరకలేదు. కృష్ణ సముద్రమున గలియు తావున, గవ్వల సున్నము కలిసిన ఇసుకనేలలలో పెరిగిన చిరివేరు అద్దకమునకు మిక్కిలి మేలైనదని 17వ శతాబ్దపు విదేశవర్తకులు వ్రాసిరి. 1611లో ఇంగ్లీషువారి గ్లోబు ఓడ నిజాంపట్నము రేవునకు వచ్చినది ఇట్టి బట్టలకొఱకే. ఆ వేరు ఇంకను దొరకదా యను ఆశతో మేమును మా తోడికోడలును పెనుమూడి వారధి దాటి, నాగాయలంక చేరి, ఈలచెట్లదిబ్బకు పోవు పడవ నెక్కితిమి.

పోటునీరు బూడిదవన్నె, మడచెట్ల యాకు పసరువన్నె, వేళ్లనంటిన బురద అచ్చముగా కాటుక. చీరకు ఇంతకన్న మంచి జోడింపు ఉండదని మా తోడికోడలు కొంగు పట్టి చూపెను. చిరివేరు మాట యెత్తగా పడవనడుపు ముసలివాడు నవ్వెను.

"అది నేనెరగనమ్మగారూ! నూలువలల రోజుల్లో మడచెట్టు బెరడు కాచి వలలు ముంచేవాళ్లం. ఎర్రగా తేలేవి, ఉప్పునీటికి చివికేవి కావు. ఇప్పటి నైలాను వలలకు అదెందుకు?"

దిబ్బపై చేపలెండబెట్టు స్త్రీలందఱును పాలిస్టరు చీరలే కట్టియుండిరి. ఆకును గుర్తింపనేరని మేము ఇసుకను గెలికి గెలికి గవ్వలుమాత్రము మూటగట్టుకొంటిమి.

మఱునాడు పెడనకు పోతిమి. అచ్చట కరక్కాయరసమునను పాలలోను తడిపి యెండించిన గుడ్డపై టేకు అచ్చులతో అద్దుచుండిరి. ఇనుపతుప్పును బెల్లమును ఊరబెట్టిన నీరు నలుపునిచ్చును. ఎఱుపు రావలసినచోట పటికనీరు అద్దుదురు. ఆ రంగు కాగులో ఉడికిననాడుగాని బయటపడదు. మేము తీసికొనిపోయిన దుప్పటిని వెలుతురున పట్టి చూచి అద్దకపుపెద్ద, "ఇది చిరివేరు కాదండీ, అలిజరినే" అనెను. వేరులోనుండు ఆ యెఱుపునే 1868లో జర్మను రసాయనజ్ఞులు తారునుండి తీయనేర్చిరట! మేము లంకలలో త్రవ్వినదంతయు వృథాయేనని తోడికోడలు పకపక నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

అట్టి నెమలి దుప్పటినే కొని తెచ్చి మంచముపై పరచితిమి. అత్తగారు అంచు తడిమి, "అమ్మాయీ, ఈ కుట్టు నాది కాదే" అనిరి.

జరిగినదంతయు చెప్పివేసితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు.

"ఆ నెమలిని కత్తిరించి తీసెయ్యి. చుట్టూ తీగ ఉందిగా, మునిమనవరాలి ఉయ్యాలకు సరిపోతుంది."

మేము కత్తెర తెచ్చితిమి. ఆమె అంచు బిగువుగా పట్టుకొనిరి.