గంజి ఎక్కువైంది

మా నాయిన షోలాపూర్‌లో మిల్లు సైజింగు ఖాతాలో పనిచేసిండు. "గంజి తక్కువైతే పోగు రేగుతది, ఎక్కువైతే పెళుసై తెగుతది" అనేవాడు. మిల్లు మూతపడ్డాక నేను కార్లకు రంగేసే పని పట్టిన.

ఒక గిరాకీ బయట కొన్న ఫైబర్ బానెట్ తెచ్చిండు. పెండ్లి ఉంది, తొందరన్నడు. గుంటలున్న చోట పుట్టీ మందంగా పెట్టి, రంగు కొట్టి ఇచ్చిన. రెండు నెలలకే వెంట్రుకల్లాంటి పగుళ్లు! మళ్లీ రంగేసే ఖర్చు నా మీదనే పడ్డది. ఆ నెల ఇల్లు మా ఇంటామె బీడీల కూలితోనే నడిచింది.

నాయిన వచ్చి బానెట్‌ను అరచేత్తో నొక్కి చూసిండు. "ఇది ఊగుతది బిడ్డా, నీ పుట్టీ ఊగదు. గంజి ఎక్కువైంది" అన్నడు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. కొత్త ఫైబర్‌కు అచ్చులోని మైనం అంటుకొని ఉంటది. మైనం తీసే మందుతో ముందు తుడిచి, తర్వాతనే ఎమరీ పేపర్ పట్టాలె. రంగుకు ముందే బండికి బిగించి, లాకు ఎక్కడన్నా గుంజుతుందా చూడాలె. పాత పగులు మీద పుట్టీ పూస్తే అది మళ్లీ తేలుతది. గీకి తెరిచి, ఫైబర్ చాప, రెజిన్‌తో నింపాలె. పుట్టీ పలుచగా, పైన ఎపాక్సీ ప్రైమర్, కోటు కోటుకు నడుమ ఆరనియ్యాలె. మూసేటప్పుడు నడిమిట్ల గుద్దొద్దని గిరాకీకి చెప్పాలె.

ఇప్పుడు తొందరన్నోళ్లను వాపసు పంపిస్త. ఒకరోజు కూలి పోతే పోనీ, బీడీల పైసలు రంగుల పొయ్యొద్దు.