పుస్తకం మూసి చెప్పండి

ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను. ఫోన్ పక్కన పెట్టండి, పుస్తకం తెరవకండి. మూసీ నది కృష్ణలో కలిసేది ఎక్కడ? 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింట్లో ఏది పాత నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది? నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఎవరి పేరు పెట్టారు?

వాడపల్లి, మిర్యాలగూడ, లాల్ బహదూర్. మూడూ మీకు తెలిసే ఉంటాయి. అయితే జవాబు కంటబడగానే ‘ఆఁ, ఇది నాకు తెలుసు’ అనుకోవడం వేరు, కంటబడకముందే అది నోటికి రావడం వేరు. ఇవాళ్టి కబుర్లన్నీ ఆ తేడా గురించే. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఉద్యోగ పరీక్షల కోసం స్టడీ హాళ్లలో, లైబ్రరీ బల్లల దగ్గర, అద్దె గదుల్లో పొద్దంతా చదువుతున్న పిల్లలను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. కొంత దిగులు కూడా. వాళ్లు చదవడంలో లోటేమీ లేదు. చదివినదాన్ని బయటికి తీసే అలవాటే తక్కువ.

2023 జూలై 1న జరిగిన తెలంగాణ గ్రూప్-4 పరీక్ష గుర్తుంది కదా. ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు దాదాపు తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు వచ్చాయి. పొద్దున జనరల్ నాలెడ్జ్, మధ్యాహ్నం సెక్రటేరియల్ ఎబిలిటీస్. ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. రెండో పేపర్‌లోనే అంకగణితం, రీజనింగ్, పేరా చదివి జవాబు రాయడం, వాక్యాలను వరుసలో పెట్టడం అన్నీ ఉన్నాయి. ప్రశ్నకు ఒక్క నిమిషం. చదవడం, ఆలోచించడం, రఫ్ వర్క్ చేయడం, ఓఎంఆర్‌లో గుండ్రం నింపడం అన్నీ ఆ నిమిషంలోనే కావాలి. రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశ ఇంకా బిగువు: 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోత. అంత ఇరుకులో ‘ఎక్కడో చదివినట్టుంది’ అన్న జ్ఞాపకం అక్కరకు రాదు.

గ్రూప్-1 రాసినవాళ్ల సంగతి తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశారు, హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ పడింది, జూన్ 9న మూడోసారి కూర్చున్నారు. ఇరవై నెలలు! ఉద్యోగం మానేసి, పెళ్లి వాయిదా వేసుకుని, ఇంటి నుంచి నెలనెలా డబ్బు తెప్పించుకుంటూ, ఒకసారి తలకెక్కించుకున్న చదువును అన్ని నెలలు నిలబెట్టుకోవాల్సి వచ్చింది. ఆ అన్యాయానికి బాధ్యత వాళ్లది కాదు. కానీ చదువును నెలల తరబడి నిలబెట్టడమెలా అన్న ప్రశ్న మాత్రం పరీక్ష రాసే ప్రతి ఒక్కరిదీ.

దీనికి జవాబు వెతికినవాళ్లు ఉన్నారు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో చిన్న చిన్న పాఠాలు చదివించారు. కొన్ని పాఠాలను రెండోసారి కూడా చదవమన్నారు. మరికొన్నింటిని ఒక్కసారే చదివించి, మూసేసి, గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదే మెరుగ్గా గుర్తుంది: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివింది 42 శాతానికి పడిపోయింది, మూసి రాసింది 56 శాతం నిలిచింది. చూశారా, మనల్ని మోసం చేసేది ఆ మొదటి అయిదు నిమిషాలే. మళ్లీ మళ్లీ చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. గైడు మీద మూడు రంగుల పెన్నులతో గీతలు గీస్తే ఇంకా బాగా వచ్చినట్టుంటుంది. వారం గడిస్తే గీతలే మిగులుతాయి.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. చదవండి, మూయండి, చెప్పండి. పక్క బల్ల మీది తమ్ముడికి చెప్పండి, రూమ్‌లో ఉండే అక్కకు చెప్పండి, ఎవరూ లేకపోతే గోడకైనా చెప్పండి.

జనరల్ నాలెడ్జ్‌లో దీని ఫలితం వెంటనే కనిపిస్తుంది. బిట్ బ్యాంకుల్లో ముక్కలుగా ఉన్నదాన్ని నోటితో చెప్పబోతే నాలుక ఆగిపోతుంది. ముక్కను చెప్పలేం, కథనే చెప్పగలం. మూసీనే తీసుకోండి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టింది. హైదరాబాద్ మధ్యగా పారింది. 1908 సెప్టెంబర్ 28న పొంగి నగరాన్ని ముంచింది. ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. అక్కడినుంచి కిందికి వచ్చి మన సూర్యాపేట పక్కన మూసీ ప్రాజెక్టు నింపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసింది. ఒక్క నది వెంట నడిస్తే భూగోళం, చరిత్ర, నీటిపారుదల మూడూ చేతికొచ్చాయి. విడివిడిగా బట్టీ పడితే ఇవే ఏడెనిమిది బిట్లు, ఏడెనిమిది చోట్ల మర్చిపోవచ్చు.

ఇలా చెప్పుకోదగ్గవి మన చుట్టూనే ఉన్నాయి. ఫణిగిరి మన సూర్యాపేట జిల్లాలోనే, నాగారం మండలంలో ఉంది. గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు, ఇక్ష్వాకుల నాటి శాసనాలు. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలినాటి బౌద్ధ కళా ప్రదర్శన దాకా వెళ్లాయి. సూర్యాపేటకు కూతవేటు దూరంలో పిల్లలమర్రి ఉంది, రేచర్ల రెడ్లు కట్టించిన ఎరకేశ్వరాలయం ఉంది. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది, తెలంగాణలో మేడారం తర్వాత అంతటి జాతర అదే. గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణాలిచ్చి మహావీర చక్ర పొందిన కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం పుట్టిన కరివిరాల కొత్తగూడెం ఇక్కడిదే. ఇవన్నీ పరీక్షల్లో అడగదగ్గవే. ఒక ఆదివారం స్నేహితులతో ఫణిగిరి గుట్ట ఎక్కి, దిగేటప్పుడు చూసినదంతా ఒకరికొకరు చెప్పుకోండి. శాతవాహనులు, ఇక్ష్వాకుల అధ్యాయం ఆ తర్వాత తెరిస్తే పేజీలు వేరుగా కనిపిస్తాయి. దగ్గరివాటితో మొదలుపెట్టి దూరం వెళ్లడం నాకు నచ్చిన దారి. ప్రపంచ దేశాల రాజధానులతో మొదలుపెట్టి అలసిపోయినవాళ్లను చాలామందినే చూశాను.

ఇక లెక్కలు. లెక్కలంటే భయపడే పిల్లలకు నేను మొదట చెప్పేది, పెన్ను పట్టకముందు లెక్కను మాటల్లో చెప్పమని. మన తెలుగులో లెక్కలు ఒకప్పుడు పద్యాలుగా ఉండేవి. దాదాపు వెయ్యేళ్ల కింద పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పద్యాల్లోనే తెలుగు చేశాడు. నోటితో చెప్పుకునే లెక్క మనకు కొత్త కాదు.

మిర్యాలగూడ మిల్లు లెక్క చూద్దాం. ప్రభుత్వ వడ్లు మరాడించే మిల్లు, క్వింటాలు వడ్లకు 68 కిలోల ఉప్పుడు బియ్యం తిరిగి ఇవ్వాలి. పచ్చి బియ్యమైతే 67. అయితే 34 క్వింటాళ్ల ఉప్పుడు బియ్యం కావాలంటే ఎన్ని వడ్లు ఆడించాలి? చాలామంది ‘32 శాతం తరుగు, కాబట్టి 34కు 32 శాతం కలిపితే సరి’ అని 44.88 గుర్తిస్తారు. ఆ అంకె ఆప్షన్లలో ఉండనే ఉంటుంది, పేపర్ తయారుచేసేవాళ్లకు మన తొందర తెలుసు. అదే లెక్కను నోటితో చెప్పి చూడండి: ‘వందకు 68 వస్తుంది. 68లో సగం 34. అంటే వడ్లు కూడా వందలో సగం, 50 క్వింటాళ్లు.’ కాగితమే అక్కర్లేదు. శాతం దేని మీద అన్నదొక్కటి పైకి అంటే చాలు, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

భూమి లెక్క మీకు ఇంట్లోనే ఉంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. మూడెకరాల 15 గుంటలు ముగ్గురన్నదమ్ములు పంచుకుంటే? మొత్తం 135 గుంటలు, తలా 45, అంటే ఎకరం 5 గుంటలు. మీ నాయన దీన్ని అరనిమిషంలో చెప్పేస్తాడు. ప్రమాణం మార్చడం, భాగించడం, మళ్లీ ప్రమాణం మార్చడం, పరీక్షలో అడిగేది కూడా ఇదే.

బస్సు లెక్క దగ్గర మాత్రం కాస్త ఆగాలి. సూర్యాపేట నుంచి కోదాడకు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, 60తో తిరిగొస్తే సగటు వేగమెంత? 50 అనిపిస్తుంది. కానీ 40తో నడిచిన దారిలో ఎక్కువసేపున్నాం కాబట్టి సగటు అటువైపే జరుగుతుంది, 48. దూరమెంతైనా జవాబు అదే. సూత్రం మీకు గైడులో దొరుకుతుంది, దాన్ని తప్పుపట్టను. కానీ ‘ఎక్కువసేపున్నాం కాబట్టి’ అన్న మాట నోట వచ్చినవాళ్లు ఆ సూత్రం మర్చిపోయినా జవాబు దగ్గరికి చేరతారు. ఇరవై దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు మాత్రం ఎదురు మాట లేకుండా బట్టీ పట్టండి. వాటికి వేరే దారి లేదు.

పేరా చదివి జవాబు రాసే ప్రశ్నల దగ్గర మన పిల్లలకు విచిత్రమైన ఇబ్బంది ఒకటుంది. జనరల్ నాలెడ్జ్ బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పులు చేస్తారు. ఈ చిన్న పేరా చదవండి:

“యాసంగిలో ఎండలు ముదిరాక కోసిన వడ్లను పచ్చిగా మరాడిస్తే నూకలు ఎక్కువవుతాయి. వడ్లను ఉడికించి ఆరబెట్టి మరాడిస్తే గింజ గట్టిపడి నూక తగ్గుతుంది. మిర్యాలగూడ మిల్లులు ఉప్పుడు బియ్యానికి పేరు పొందడానికి ఇదొక కారణం.”

ఇప్పుడు ప్రశ్న. పై పేరాను బట్టి సరైనది ఏది? ఒకటి, వానాకాలం వడ్లలో నూకలు రావు. రెండు, ఉడికించడం వల్ల గింజ విరగడం తగ్గుతుంది. మూడు, ఉప్పుడు బియ్యాన్ని కేరళ, తమిళనాడు ప్రజలు ఎక్కువగా తింటారు. నాలుగు, మిర్యాలగూడ మిల్లులకు పేరు రావడానికి నూక సమస్య ఒక్కటే కారణం.

మూడోది లోకంలో నిజమే. వార్తలు చదివే కుర్రాడికి, 2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం కొననన్నప్పుడు మన దగ్గర రేగిన గొడవంతా తెలిసినవాడికి, చెయ్యి దాని మీదికే పోతుంది. కానీ అది పేరాలో లేదు. నాలుగోది ‘ఇదొక కారణం’ అన్నదాన్ని ‘ఒక్కటే కారణం’గా మార్చింది. మొదటిది పేరా అనని మాటను దాని నోట్లో పెట్టింది. జవాబు రెండోది. పేరా ముందు మన పాండిత్యాన్ని గడప బయట వదిలి కూర్చోవాలి. ‘మాత్రమే’, ‘ఎప్పుడూ’, ‘అన్నీ’, ‘ఒక్కటే’ లాంటి మాటలు కనబడితే పేరాలోకి వెనక్కి వెళ్లి వేలు పెట్టి చూసుకోవాలి.

దీనికి సాధన పత్రికే. రోజూ సంపాదకీయం ఒకటి చదవండి, పత్రిక మడవండి, రచయిత ఏమన్నాడో నాలుగు వాక్యాల్లో చెప్పండి. మీరేమనుకుంటున్నారో తర్వాత చెప్పుకోవచ్చు, ముందు ఆయన అన్నదే చెప్పాలి. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్గొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. తెలుగులో చదువుకోవడమే కష్టంగా ఉన్న నిజాం రాజ్యంలో, మన నేల మీద పత్రిక పుట్టిందంటే అప్పటివాళ్లకు చదువు మీద ఎంత ఆకలి ఉండాలి! ఇవాళ లైబ్రరీ బల్ల మీద నాలుగైదు పత్రికలు ఊరికే దొరుకుతున్నాయి. ఉద్యోగ ప్రకటనల పేజీ ఒక్కటే చూసి మడిచేస్తే నాకు మనసొప్పదు.

పాత ప్రశ్నపత్రాల గురించి రెండు మాటలు. ఎన్ని పాత పేపర్లు రాశారన్నది నేను అడగను, తప్పు పోయినవాటిని ఏం చేశారని అడుగుతాను. కీ చూసి మార్కులు వేసుకుని పక్కన పడేస్తే ఆ రెండున్నర గంటలూ వృథా. పోయిన ప్రతి ప్రశ్నకూ నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయండి: తెలియక పోయిందా, తెలిసి తొందరలో పోయిందా, ప్రశ్న సరిగా చదవక పోయిందా. నాలుగు పేపర్లయ్యాక ఆ నోట్‌బుక్ తిప్పండి. మీరు చదవాల్సింది పాలిటీ కాదని, ప్రశ్నలో ‘సరికానిది’ అన్న మాటేనని తేలొచ్చు.

ఇంట్లోవాళ్లకూ ఒక విన్నపం. ‘ఎంత దాకా అయింది? నోటిఫికేషన్ ఎప్పుడు? పక్కింటోళ్లకు కొలువొచ్చింది’ అని అడక్కండి. ‘ఇవాళ చదివింది నాకు చెప్పు బిడ్డా’ అనండి. చదువుకోని అమ్మ అయినా సరే. మహిళా సంఘంలో ఉన్న అమ్మకు వడ్డీ లెక్క నేర్పాల్సిన పని లేదు. ‘నూటికి రెండు’ అంటే యాభై వేలకు నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు అని ఆమె చెప్తుంది. పిల్లలూ, అది ఏడాదికి 24 శాతమని మీరు చెప్పండి. చక్రవడ్డీ ఎట్లా పెరుగుతుందో కూడా ఆమెకే వివరించండి. ఆమె ఎక్కడ ఆపి ‘అదెట్ల?’ అంటుందో, రేపు పొద్దున పుస్తకం అక్కడినుంచి తెరవండి.